జాబితాకు చుక్క ఎక్కడ పెట్టాలి

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడింటిలో ఏ ఊరి పాత దస్తావేజు తీసి చూసినా చివర్లో షెడ్యూలు ఉంటుంది. తూర్పు ఫలానావారి చేను, దక్షిణం పంటకాలువ, పడమర ఫలానావారి మాగాణి, ఉత్తరం డొంక, ఈ నాలుగు హద్దుల మధ్య గల య.1-25 సెంట్లు అంటూ గుక్క తిప్పుకోకుండా ఒకే పేరాలో సాగిపోతుంది. గుర్తులు తక్కువ. అయినా చదివేవాడు తడబడడు. అక్కడ గుర్తుల పని మాటలే చేస్తున్నాయి కాబట్టి. దిక్కు పేరు రాగానే కొత్త అంశం మొదలైందని తెలుస్తుంది. ‘ఈ నాలుగు హద్దుల మధ్య’ అనగానే జాబితా అయిపోయిందనీ, అందులో నాలుగే ఉన్నాయనీ తెలుస్తుంది. ఇప్పుడు అదే షెడ్యూలును వర్డ్‌లో టైపు చేసేవారు దిక్కుకో లైను చొప్పున విడగొట్టి, ముందు బులెట్లు పెడుతున్నారు. మంచి మార్పే, కంటికి సుళువు. కానీ లైను విరిగిన చోటల్లా ఒక ప్రశ్న పుడుతుంది. దాని చివర కామా పెట్టాలా, సెమికోలనా, చుక్కా, ఏమీ పెట్టక్కర్లేదా? జవాబు తెలియక ఒకే కాగితంలో ఈ నాలుగు పద్ధతులూ కలిపేస్తున్నారు. అర్జీలో, బయోడేటాలో, పొదుపు సంఘం తీర్మానాల్లో, కరపత్రంలో, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులో, ఎక్కడ చూసినా ఇదే గందరగోళం.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. జాబితాల గుర్తులకు నియమాన్ని ఇంగ్లిషు పుస్తకం నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు. తెలుగు వాక్యం తన ముగింపును మామూలుగా సమాపక క్రియతో చెప్పుకుంటుంది. ఆ క్రియ ఉన్న చోట చుక్క పెట్టండి, లేని చోట వదిలేయండి. కామా, సెమికోలన్, ‘మరియు’ ఈ మూడూ లైను చివర్న దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. వినడానికి ఇంత చిన్న మాటే అయినా, దీన్ని ఒప్పుకుంటే రాసే వాక్యమే మారిపోతుంది. అందుకే కాస్త విడమరచి చెప్పాలి.

ఇంగ్లిషులో క్రియ జాబితా కంటే ముందే వచ్చేస్తుంది. మన రాజ్యాంగం 19(1) అధికరణ ఇంగ్లిషు పాఠం చూడండి. పౌరులందరికీ హక్కు ఉంటుంది అని ముందే చెప్పేసి, ఒక గీత గీసి, ఆ తర్వాత ఏయే హక్కులో ఒక్కో లైనులో పేర్చుకుంటూ పోతారు. లైన్లెన్ని ఉన్నా అదంతా ఒకటే వాక్యం. అందుకే మధ్యలో సెమికోలన్లు, చివరిదానికి ముందు ‘అండ్’, అన్నీ అయ్యాక ఒకే ఒక్క చుక్క. ఆ గుర్తులకు అక్కడ పని ఉంది. వాక్యం ఇంకా అవలేదు సుమా అని అవి చెబుతాయి. తెలుగులో ‘ఉంటుంది’ అనే మాట వాక్యం చివరకు వస్తుంది. ఇంగ్లిషు అచ్చును యథాతథంగా దించితే ఏమవుతుందో మనకు అలవాటైన దరఖాస్తు భాష చెబుతుంది: దరఖాస్తుదారు 21 సంవత్సరములు నిండినవారై ఉండి సెమికోలన్, సదరు మండలములో నివసిస్తూ సెమికోలన్ మరియు, డిగ్రీ ఉత్తీర్ణత కలిగి ఉండవలెను చుక్క. మొదటి రెండు లైన్లూ గాలిలో వేలాడుతూ మూడో లైను చివరి క్రియ కోసం ఎదురు చూస్తుంటాయి. మూడే అయితే పరవాలేదు. పదకొండు అంశాలుంటే చదివేవాడు ఊపిరి బిగబట్టి పదకొండో దాకా వెళ్ళాలి. రెండో పేజీలో క్రియ దొరికేసరికి మొదటి పేజీలో ఏముందో మరిచిపోతాడు. అర్హత లేని మనిషి డబ్బు కట్టి దరఖాస్తు పెట్టుకునేది ఇలాంటి చోట్లే.

దగ్గర నుంచి ఒక ఉదాహరణ చూద్దాం. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. ఆ ఊరి వరి పరిశోధన నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, బీపీటీ 5204గా దేశమంతా తెలుసు. బీపీటీ అంటే బాపట్లే. వరి గురించి ఇంత తెలిసిన ప్రాంతంలో రైతుకు ఇచ్చే కరపత్రం ఎంత స్పష్టంగా ఉండాలి? దంప నారుమడికి విత్తన శుద్ధి ఎలా చేయాలో చెప్పే సలహా ఎంతోకాలంగా వాడుకలో ఉన్నదే. దాన్ని చాలామంది ఇలా టైపు చేస్తారు:

• లీటరు నీటికి 1 గ్రా. కార్బెండజిమ్ కలిపి;
• సదరు ద్రావణములో కిలో విత్తనమును 24 గంటలు నానబెట్టి;
• మరో 24 గంటలు మండె కట్టి, మరియు
• మొలకలను దంప నారుమడిలో చల్లవలెను.

‘కలిపి, నానబెట్టి, కట్టి’ ఇవన్నీ క్త్వార్థకాలు, అసమాపక క్రియలు. అవి ఉన్నాయంటే వాక్యం ఇంకా నడుస్తోందని అర్థం. నడుస్తున్న వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కకో బులెట్ తగిలించి, తెగిన చోట్లలో సెమికోలన్ పెట్టి అతికించే ప్రయత్నం ఇది. సెమికోలన్ అతకదు. అసలది రైతుకు పరిచయమే లేని గుర్తు. ఇదే సంగతిని ఇలా రాయవచ్చు:

1. లీటరు నీటిలో కార్బెండజిమ్ 1 గ్రాము కలపాలి.
2. ఆ నీళ్ళలో కిలో విత్తనం 24 గంటలు నానబెట్టాలి.
3. నానిన విత్తనాన్ని మరో 24 గంటలు మండె కట్టాలి.
4. మొలకలను దంప నారుమడిలో చల్లాలి.

ఇక్కడ ప్రతి లైనూ సొంత కాళ్ళమీద నిలబడింది. ఒక్కో లైను చదివి, ఆ పని చేసి, తిరిగి వచ్చి తర్వాతి లైను చదువుకోవచ్చు. ప్రతి లైనుకూ సమాపక క్రియ ఉంది కాబట్టి ప్రతి లైనుకూ చుక్క ఉంది. పని వరసలో జరగాలి కాబట్టి బులెట్ల చోట అంకెలు వచ్చాయి. ‘మరియు’ తీసేస్తే పోయిందేమీ లేదు. మనం మాట్లాడేటప్పుడు ఆ మాట వాడుతున్నామా? అమ్మా నాన్నా వచ్చారంటాం. అచ్చు సాగదీసి రెంటినీ కలిపేస్తాం. పొడవైన వాక్యమైతే ‘కూడా’ అంటాం. ‘మరియు’ను జాబితా చివరి మెట్టు ముందు నిలబెట్టడం అచ్చంగా అనువాదం నుంచి వచ్చిన అలవాటు.

క్రియ లేని జాబితాలూ ఉంటాయి. జతపరచిన పత్రాలు అని రాసి, కింద ఆధార్ నకలు, పాసుపుస్తకం నకలు, రెండు ఫొటోలు అని వరసగా రాస్తాం. ఇవి పేర్లు, వాక్యాలు కావు. వీటి చివర చుక్క పెడితే తప్పు మాట చెప్పినట్టు, కామా పెడితే కంటికి నలుసు. లైను విరగడమే అక్కడ విరామం. బ్రిటన్ ప్రభుత్వం తన సైటులో రాతకు పెట్టుకున్న శైలి నియమాలు కూడా ఇదే దారి పట్టాయి. బులెట్ లైన్ల చివర గుర్తులు వద్దనీ, సెమికోలన్లు అసలే వద్దనీ, ‘అండ్’, ‘ఆర్’ తగిలించవద్దనీ చెబుతాయి. ఇంగ్లిషే వదిలించుకుంటున్న బరువును మనం కొత్తగా ఎత్తుకోవడం ఎందుకు? అయితే వాళ్ళను ఈ విషయంలో పూర్తిగా అనుసరించలేం. ఇంగ్లిషుకు పెద్దక్షరం ఉంది, వాక్యం మొదలైందని అది చెబుతుంది. తెలుగుకు పెద్దక్షరాలు లేవు. ఒక వాక్యం ముగిసి ఇంకొకటి మొదలైందని కంటికి చూపించే గుర్తు చుక్క ఒక్కటే. అందుకే ఒక బులెట్ కింద రెండు వాక్యాలు ఉన్నప్పుడు చివరి చుక్క వదిలేయడం తెలుగులో ఇంగ్లిషులో కంటే పెద్ద లోపం. ఫోన్ చేత కాగితం చదివించుకుని వినేవారికి, ముఖ్యంగా చూపు లేనివారికి, ఆ చుక్క చెవికి అందే విరామం కూడా.

జాబితాలో కొన్ని లైన్లు పేర్లు, కొన్ని వాక్యాలు అయితే? చుక్కలు కొన్నింటికి పెట్టి కొన్నింటికి మానేయడం పరిష్కారం కాదు. రాత మార్చాలి. అన్నీ పేర్లు చేయండి, లేదా అన్నీ వాక్యాలు చేయండి. గుర్తు దగ్గర సందేహం వచ్చిందంటే, చాలాసార్లు లోపం గుర్తులో ఉండదు, వాక్యాల రూపాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడంలో ఉంటుంది. దీనికి అమెరికా కోర్టు ఒకటి చాలా ఖరీదైన సాక్ష్యం ఇచ్చింది. మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు ఓవర్‌టైం జీతం కోసం దావా వేశారు. ఏయే పనులకు ఓవర్‌టైం వర్తించదో చెప్పే చట్టంలో డబ్బాల్లో పట్టడం, ఆరబెట్టడం, నిల్వ చేయడం ఇలా వరసగా చెబుతూ చివర్లో ‘రవాణా లేదా పంపిణీ కోసం ప్యాకింగ్’ అన్నట్టు అర్థమిచ్చే పదాలు ఉన్నాయి. పంపిణీ అనేది వేరే పనా, లేక ప్యాకింగ్ దేనికోసమో చెప్పే మాటా? ‘లేదా’కు ముందు కామా లేకపోవడంతో తేలలేదు. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల పక్షాన నిలిచింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. ఈలోగానే ఆ రాష్ట్రం చట్టాన్ని సెమికోలన్లతో తిరగరాసింది. చాలామంది ఈ కథను కామా కథగా చెబుతారు. నాకు అందులో ఎక్కువ ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. మిగతా పనులన్నీ ఇంగ్లిషులో ‘ఇంగ్’ చివరతో ఉండగా పంపిణీ ఒక్కటే వేరే రూపంలో ఉందని డ్రైవర్లు ఎత్తి చూపారు. తిరగరాసినప్పుడు ఆ రూపాన్ని కూడా మార్చారు. తెలుగులో ‘పంపిణీ కోసం’ అంటే ఒక అర్థం, ‘పంపిణీ చేయడం’ అంటే ఇంకొక అర్థం. విభక్తి ఒకటి సరిగ్గా పడితే కామా అవసరమే రాదు. మన భాషలో ఉన్న ఈ బలాన్ని మనం జాబితాల్లో వాడుకోవడం లేదు.

అంతకంటే ఎక్కువ నష్టం చేసేది, అన్నీ కావాలా, ఏదో ఒకటి చాలా అన్నది చెప్పకపోవడం. గుర్తింపు పత్రాలు అని శీర్షిక పెట్టి, కింద ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు అని రాసి ఊరుకుంటారు. రేపల్లె నుంచి తెనాలికి రైలెక్కి వచ్చిన మనిషి ఒక్క కార్డు తెచ్చుకుంటే, మూడూ కావాలని తిప్పి పంపేస్తే, ఆ రోజు కూలి పోయినట్టే. ఇంగ్లిషు పద్ధతిలో ఈ సంగతిని చివరి రెండు అంశాల మధ్య ‘అండ్’, ‘ఆర్’ చెబుతాయి. అంటే చదివేవాడికి అసలు సంగతి జాబితా చివర్లో గానీ తెలియదు. తెలుగులో దాన్ని ముందుకు తెచ్చుకోవడం ఎంతో తేలిక. ‘కింది వాటిలో ఏదైనా ఒకటి తీసుకురండి’ అని రాయండి, లేదా ‘కింది మూడూ తీసుకురండి’ అని రాయండి. అది పూర్తి వాక్యం. లెక్క కూడా అందులోనే ఉంది. పాత దస్తావేజులో ‘ఈ నాలుగు హద్దుల’ అన్న మాట చేసిన పనే ఇది, కాకపోతే చివర నుంచి మొదటికి వచ్చింది.

ఆ పరిచయ వాక్యం చివర చుక్కయినా పెట్టవచ్చు, కోలనైనా పెట్టవచ్చు. కోలన్ పెడితే మాత్రం ఒక జాగ్రత్త అవసరం. మన టైపింగులో కోలన్‌కూ విసర్గకూ తేడా చెరిగిపోయింది. ‘పేరుః’, ‘ఫోనుః’ అని విసర్గతో కొట్టిన ఫారాలు కొల్లలు. ‘దుఃఖం’లో విసర్గ బదులు కోలన్ కొట్టినవీ ఉన్నాయి. కాగితం మీద రెండూ రెండేసి చుక్కలే అయినా యూనికోడ్‌లో విసర్గ తెలుగు అక్షరాల గుంపులోది, కోలన్ కాదు. వెతికితే దొరకదు, ఫాంటు మారితే ఆకారం మారుతుంది, చదివే యంత్రం ‘పేరుహ’ అన్నట్టు పలకవచ్చు. డీటీపీ సెంటర్లలో ఇంకా నడుస్తున్న అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. అక్కడ తెలుగు అక్షరాలు ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కాబట్టి ఫైలు మొత్తాన్ని సెలెక్ట్ చేసి ఫాంటు మార్చగానే గుర్తులు కూడా వేరేవి అయిపోవచ్చు. కొత్త ఫైలును యూనికోడ్‌లోనే మొదలుపెట్టండి. బులెట్లను చేత్తో కొట్టకుండా వర్డ్ ఇచ్చే బులెట్ బటన్‌తోనే పెట్టుకోండి. ఒక అంశంలోనే కొత్త లైను కావాలంటే షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే కొత్త బులెట్ పడదు.

దస్తావేజు లేఖరులు ఒక గట్టి అభ్యంతరం చెబుతారు, దాన్ని కొట్టిపారేయకూడదు. లైను చివర ఖాళీ వదిలితే తర్వాత ఎవరైనా అందులో ఇంకో మాట ఇరికించవచ్చు అంటారు. ఒకే పేరాలో గుక్క తిప్పుకోకుండా రాసిన రాతకు ఇదే కారణమని నా నమ్మకం. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ కూడా పంక్తుల మధ్య చేర్పులు, ఖాళీలు, కొట్టివేతలు, దిద్దుబాట్ల గురించే మాట్లాడుతుంది. అలాంటివి ఉన్న చోట రాసిచ్చినవారి సంతకమో పొడి సంతకమో లేకపోతే రిజిస్టరు చేయడానికి అధికారి నిరాకరించవచ్చు. భయం నిజమైనదే. కానీ దానికి విరుగుడు కామా కాదు. కామా తర్వాత ఇంకో మాట చేర్చడం ఇంకా తేలిక, అది ‘ఇంకా ఉంది’ అనే చెబుతుంది కదా. మన రాత ఈ సమస్యకు ఎప్పుడో జవాబు కనిపెట్టింది. రూ.50,000/- అని అంకె వేసి పక్కన గీత గీస్తాం. అక్షరాలా యాభై వేల రూపాయలు మాత్రమే అని మళ్ళీ రాస్తాం. ఆ ‘మాత్రమే’ ఒక మాట వేషం వేసుకున్న విరామ చిహ్నం. అంకె తర్వాత ఇంకో అంకె పడకుండా గీత కాపలా, మాట తర్వాత ఇంకో మాట పడకుండా ‘మాత్రమే’ కాపలా. జాబితాలో ఆ కాపలా పని పరిచయ వాక్యంలోని లెక్క చేస్తుంది. ‘కింది నాలుగు హద్దులు’ అని ముందే అన్నాక ఐదోది ఇరికించడం కష్టం. ఒకటి కొట్టేసినా తెలిసిపోతుంది.

ప్రభుత్వ ఉత్తర్వులు, చట్టాల అనువాదాలు సెమికోలన్లతోనే వస్తున్నాయి కదా, మనం వేరేగా రాస్తే తప్పు పట్టరా అన్నది ఇంకో ప్రశ్న. నిర్ణీత నమూనా ఉన్న చోట ఆ నమూనానే పాటించండి. అచ్చయిన ఫారాన్ని దిద్దే అధికారం మనకు లేదు. చట్టంలోని మాటల్ని ఉటంకించేటప్పుడు గుర్తులతో సహా దించాలి. కానీ మన సొంత అర్జీ, సొంత నోటీసు, సొంత రిపోర్టు మన చేతిలో ఉన్నవే. వాటిలో తెలుగు వాక్యం ప్రకారం రాస్తే తిరగ్గొట్టే నియమం ఎక్కడా లేదు. అలాంటి రాత తెలుగు చదువరికి కొత్తా కాదు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామ పనిలో ఉన్నారు. చిన్న వాక్యం, చివర క్రియ, చుక్క అన్న పద్ధతి ఆ పత్రిక పాత సంచికల్లో కనిపిస్తుంది. పిల్లలు మొదలుకుని పెద్దల దాకా ఎంతోమంది ఆ పద్ధతిలో తెలుగు చదవడం నేర్చుకున్నారు. ఆ చదువరే ఇప్పుడు మీ నోటీసు చదివేది.

ఇక అంకెలు. తర్వాత ఎవరైనా ప్రస్తావించే అవకాశం ఉన్నదేదైనా అంకె వేయండి, బులెట్ వద్దు. 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడితే మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. అందులో ఆరు సంగతులు అడిగి ఆరింటికీ బులెట్లు పెడితే, జవాబులో ఏది వదిలేశారో అప్పీలులో చూపించడం కష్టం. అంకెలుంటే ‘4వ అంశానికి జవాబు రాలేదు’ అని ఒక్క లైను చాలు. అంకె వేసిన చోట ఇంకో ప్రమాదం ఉంది. అంకె తర్వాత చుక్క, ఆ వెంటనే మరో అంకెతో మొదలయ్యే మాట వస్తే రెండూ కలిసిపోతాయి. ‘2. 5 కిలోల యూరియా’ అని రాస్తే రెండున్నర కిలోలని చదువుకోవచ్చు. ‘యూరియా 5 కిలోలు’ అని తిప్పి రాయండి. అంకె తర్వాత అడ్డగీత పెట్టే పాత అలవాటు ఉన్నవారికి పొలం విస్తీర్ణం దగ్గర ఇదే చిక్కు. ‘1- 25 సెంట్లు’ అంటే మొదటి అంశమా, ఎకరం పాతికా? ఉప అంశాలకు అ, ఆ, ఇ, ఈ వేసేవారు జెరాక్సులో అ ఏదో ఆ ఏదో తేలని సంగతి గుర్తుంచుకోవాలి. 4.1, 4.2 అని అంకెలే మేలు.

అంశాలు చేరినప్పుడు, తీసేసినప్పుడు అంకెలు జరగాలా, నిలవాలా అన్నది ముందే తేల్చుకోవాలి. రాజ్యాంగం రెండు దారులూ చూపిస్తుంది. ఎనిమిదో షెడ్యూలులో భాషలు ఇంగ్లిషు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి కొత్త భాష చేరినప్పుడల్లా కిందివి జరిగాయి. 1950లో 13వదిగా ఉన్న తెలుగు ఇప్పుడు 21వది. భాష అదే, అంకె మారింది, నష్టం లేదు. ఎవరూ తెలుగును అంకెతో పిలవరు కదా. అధికరణల విషయం వేరు. 19(1)లో ఆస్తి హక్కు చెప్పే ‘ఎఫ్’ను 44వ సవరణతో తీసేశారు. కానీ ‘జి’ని పైకి జరపలేదు. ‘ఇ’ తర్వాత ‘జి’ వస్తుంది, మధ్యలో ఖాళీ అలాగే ఉంది. జరిపి ఉంటే ‘జి’ అని పేర్కొన్న పాత తీర్పులు చదివేవారు తడబడేవారు. చదువు హక్కు చేర్చినప్పుడు కూడా 22ను 23 చేయలేదు, 21-ఎ అన్నారు. మీ సంఘం నియమావళి ఒకసారి అందరి చేతికీ వెళ్ళిపోయాక ఈ రెండో దారే పట్టండి. చిత్తుప్రతి దశలో ఉన్నంతకాలం వర్డ్ ఆటోమేటిక్ అంకెలు హాయి, మధ్యలో ఒకటి చేరిస్తే కిందివన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. సర్దుకోనిది ఒకటే, ‘పై 3వ అంశం ప్రకారం’ అని మీరు చేత్తో కొట్టిన అంకె. మూడోది నాలుగోది అయినా అది మూడు అనే చెబుతూ ఉంటుంది. ఆ అంకెను చేత్తో కొట్టకుండా రిఫరెన్సెస్ మెనూలోని క్రాస్ రిఫరెన్స్‌తో పెట్టుకోండి. ప్రింటు ఇచ్చే ముందు కంట్రోల్-ఎ నొక్కి, తర్వాత ఎఫ్9 నొక్కండి. పాత అంకెలు కొత్తవి అవుతాయి.